కమాను బుష్షు: కొంత చరిత్ర, ఒక సంతకం



ఈ ప్రత్యేక సంచికలో ఒక్కో సెక్షన్ నుంచి ఒక్కరు తమ పని చరిత్ర రాయాలని మన కార్యదర్శిగారు నిర్ణయించారు. స్టోర్సు తరఫున, అకౌంట్సు తరఫున, డ్రాయింగు ఆఫీసు తరఫున రాసేవారు ముందే దొరికారట. భారీ వాహనాల షెడ్డు తరఫున నన్ను రాయమన్నారు. "ఇంజను గురించి రాస్తారా, బ్రేకుల గురించి రాస్తారా?" అని అడిగారు. కమాను బుష్షు గురించి రాస్తానన్నాను. ఆయన నవ్వి, "దానికి కూడా చరిత్ర ఉందా మేస్త్రిగారూ?" అన్నారు.

ఉంది. అరచేతిలో పట్టే ఇత్తడి రంగు గొట్టం ముక్క అది. లారీ కింద పడుకుని చూస్తే తప్ప కనబడదు. 1974లో మెకానిక్‌గా చేరి 2010లో ఫోర్‌మన్‌గా రిటైరయ్యే దాకా నేను ఎన్ని బుష్షులు మార్చి ఉంటానో లెక్కలేదు. మార్చకుండా మార్చినట్టు రాసింది మాత్రం ఒక్కటే. ఆ సంగతి చివర చెబుతాను. అది అర్థం కావాలంటే ముందు ఆ వస్తువు ఏమిటో, అది ఏ పని చేస్తుందో తెలియాలి. షెడ్డులో పనిచేయని మిత్రులు కొంచెం ఓపిక పట్టగలరు.

కందెన కాలం

మన ఎద్దుబండికి కమాను లేదు. ఇరుసు మీద బండి, బండి మీద బరువు. దారిలో రాయి తగిలితే ఆ దెబ్బ నేరుగా తోలేవాడి వెన్నుకు చేరేది. అయితే రాపిడి సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. చక్రం నడిమి భాగంలో ఇనుప గొట్టం దిగ్గొట్టి, దానిలో ఇరుసు ఆడేటట్టు చేసేవారు. ఆముదంలో వరిగడ్డి మసి కలిపి కందెన తయారుచేసి, వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవారు. దారిలో చక్రం కీచుమంటే బండి ఆపి కందెన పెట్టేవారు. చక్రంలోని ఆ ఇనుప గొట్టం మన బుష్షుకు తాత, ఆ కందెన గ్రీజుకు తాత అనుకోవచ్చు.

పట్టణాల్లో జట్కాబండ్లు వచ్చాక మామూలు జనానికి కమాను పరిచయమైంది. పారసీలో కమాన్ అంటే విల్లు. ఆ మాట ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. వంచిన ఉక్కు పట్టీ విల్లులాగే ఉంటుంది కనుక పేరు సరిగ్గా అతికింది. మన లారీ షెడ్లలో కమాను కట్ట అని, పట్టీలు అని అంటాం. ఆఫీసు కాగితాల్లో లీఫ్ స్ప్రింగు అని రాస్తారు.

యూరప్‌లో గుర్రపు బగ్గీలకు ఉక్కు పట్టీల కమాన్లు అంతకు ముందు నుంచే ఉన్నాయి. 1804లో లండన్‌కు చెందిన ఒబదయా ఇలియట్ రెండు కమాన్లను ఎదురెదురుగా కలిపి కోడిగుడ్డు ఆకారంలో చేసిన స్ప్రింగుకు పేటెంటు పొందాడు. దానివల్ల బగ్గీ కింద ఉండే బరువైన దూలం అవసరం లేకుండా పోయింది. తరువాత వంద ఏళ్లకు మోటారు లారీ వచ్చినప్పుడు, దానిని తయారుచేసినవారు గుర్రపు బండి నుంచి తీసుకున్న వాటిలో ఇదీ ఒకటి. ఇంజను కొత్తది, కమాను పాతదే.

గొట్టం ముక్క ఎందుకు?

కమాను కట్టను ఇరుసుకు యు బోల్టులతో బిగిస్తాం. కట్టలోని పెద్ద పట్టీకి రెండు చివర్లా చుట్ట చుట్టినట్టు ఒక కన్ను ఉంటుంది. ఒక చివరి కన్నును చాసిస్ బ్రాకెట్‌కు పిన్నుతో బిగిస్తాం. రెండో చివర అలా బిగించడానికి వీలులేదు. ఎందుకంటే బరువు పడి కమాను చదునైనప్పుడు దాని పొడవు పెరుగుతుంది. వంచిన బద్దను నేల మీద పెట్టి అదిమితే చివర్లు జరిగినట్టే. అందుకని ఆ చివర షాకిల్ అనే ఊగే ముక్కతో వేలాడదీస్తాం. షాకిల్‌కు పైన ఒక పిన్ను, కింద ఒక పిన్ను. అంటే ఒక్కో కట్టకు మూడు పిన్నులు, మూడు బుష్షులు. నాలుగు కట్టలకూ షాకిల్ ఉన్న బండికి 12 చోట్ల.

పిన్ను గట్టి ఉక్కు. పట్టీ కన్ను కూడా ఉక్కే. రెండూ నేరుగా ఒరుసుకుంటే రెండూ పాడవుతాయి. పట్టీ ఖరీదైనది, మార్చడం కష్టం. కాబట్టి మధ్యలో మెత్తని లోహపు గొట్టాన్ని పెట్టి, అరిగేదేదో అదే అరిగేటట్టు చేశారు. అదే బుష్షు. పాత రోజుల్లో గన్‌మెటల్‌తో పోత పోసేవారు. పేరు పొందిన పాకం 88 పాళ్లు రాగి, 10 పాళ్లు తగరం, 2 పాళ్లు తుత్తునాగం. ఒకప్పుడు ఫిరంగుల పోతకు వాడిన లోహం కాబట్టి ఆ పేరు వచ్చింది.

ఈ బుష్షుకు ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. ఇంజనులోని బుష్షులో షాఫ్టు గుండ్రంగా పూర్తిగా తిరుగుతుంది కనుక నూనె చుట్టూ పరుచుకుంటుంది. కమాను పిన్ను అలా తిరగదు. కొద్ది మేర అటూ ఇటూ కదులుతుంది, అంతే. బరువేమో ఎప్పుడూ ఒక వైపే. అందువల్ల గ్రీజు ఆ వైపు నుంచి తొలగిపోతుంది, దుమ్ము చేరుతుంది, బుష్షు గుండ్రంగా కాక కోలగా అరుగుతుంది. పై నుంచి చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది. పిన్ను తీసి చూస్తే కోడిగుడ్డు కనబడుతుంది.

మొదటి మోటారు బండ్లలో గ్రీజు నింపిన చిన్న గిన్నె ఒక్కో పిన్నుకూ ఉండేది. దాని మూతను చేత్తో కొంచెం కొంచెం బిగిస్తే గ్రీజు లోపలికి వెళ్లేది. తరువాత గన్నుతో ఒత్తిడి పెట్టి ఎక్కించే పద్ధతి వచ్చింది. మనం నేటికీ వాడే చిన్న బుడిపె లాంటి గ్రీజు నిపుల్‌కు ఆస్కార్ జెర్క్ 1929లో అమెరికాలో పేటెంటు పొందాడు. అమెరికా మెకానిక్కులు దానిని ఇప్పటికీ అతని పేరుతోనే పిలుస్తారు.

మన రోడ్ల మీదికి

తెలుగునాట భారీ వాహనాలను ఒక పెద్ద సంస్థ పద్ధతిగా నడిపి, సొంత మరమ్మతులు చేసుకోవడం గురించి చెప్పాలంటే 1932 నాటి నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖను తలుచుకోవాలి. 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో అది మొదలైంది. ఆ రోజుల్లో లారీలు, బస్సులు, విడి భాగాలు అన్నీ సముద్రం దాటి రావలసిందే. బుష్షు అరిగితే విదేశం నుంచి వచ్చేదాకా బండి ఆపలేరు. ఇక్కడే పోత పోసి లేత్ మీద తిప్పుకోవలసిందే. మన ప్రాంతపు టర్నర్ల నైపుణ్యం ఇటువంటి అవసరాల నుంచే పెరిగిందని నా నమ్మకం.

స్వాతంత్ర్యం తరువాత 1948లో మద్రాసులో అశోక్ మోటార్స్ మొదలైంది. 1955లో అది అశోక్ లేలాండ్ అయింది. జంషెడ్‌పూర్‌లో టెల్కో సంస్థ 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని లారీలు తీయడం మొదలుపెట్టింది. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. ముగిసినా మన డ్రైవర్ల నోట మాత్రం చాలా కాలం అది బెంజి లారీయే.

1971లో ఐ.టి.ఐ. పూర్తి చేసి నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పనికి చేరాను. అక్కడ మా గురువుగారు మొదటి ఆరు నెలలు నాకు ఇచ్చింది గ్రీజు గన్ను ఒక్కటే. "ఈ 12 చోట్లా పాత గ్రీజు బయటికి వచ్చి కొత్త గ్రీజు రంగు కనబడేదాకా కొట్టు. కనబడలేదంటే నిపుల్ మూసుకుపోయిందన్న మాట. తుడిచేసి వెళ్లిపోకు, విప్పి చూడు" అనేవారు. చెప్పినంత తేలికైన పని కాదది. బురద పట్టిన నిపుల్ కనబడదు. కనబడినా గన్ను అందదు. వానాకాలం లారీ కింద వెల్లకిలా పడుకుంటే మొహం మీద నీళ్లు కారేవి. అందుకే ఆ పని ఎప్పుడూ అందరికన్నా చిన్నవాడికి, క్లీనరుకో హెల్పరుకో పడేది. బండి ఆయుష్షు చాలా వరకు ఆ చిన్నవాడి శ్రద్ధ మీద ఆధారపడి ఉండేది. జీతాల పట్టీలో అందరికన్నా కింద ఉండే పేరు అదే.

బుష్షు మార్చే విధానం

1974లో మన శాఖలో చేరేటప్పటికి మన షెడ్డులో ఈ పనికి ఒక క్రమం ఉండేది. కొత్తగా చేరిన పిల్లలకు నేను అదే నేర్పాను. ఇప్పుడు ఆ షెడ్డు లేదు కాబట్టి ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

ముందు పరీక్ష. బండి బరువు కమాన్ల మీదే ఉండగా ఒకరు స్టీరింగు అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు కింద నుంచి షాకిళ్లను చూడాలి. తరువాత గడ్డపార వేసి పట్టీ కన్ను దగ్గర ఎత్తి చూడాలి. పిన్నుకూ బుష్షుకూ మధ్య ఆట ఒక మిల్లీమీటరు దాటితే మార్చాలని మన షెడ్డు నియమం.

తరువాత బండిని చదునైన చోట ఆపి, మిగిలిన చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, జాకీతో ఎత్తి, చాసిస్ కింద రైలు స్లీపరు దిమ్మలు పేర్చాలి. జాకీని నమ్మి కిందికి దూరకూడదు. ఇరుసు కింద వేరే జాకీ పెట్టి, కమాను మీద బరువూ ఉండకుండా, అది కిందికి వేలాడకుండా సరిగ్గా మధ్యలో నిలబెట్టాలి. అలా నిలిచినప్పుడే పిన్ను జరుగుతుంది. లేకపోతే సమ్మెటతో ఎంత కొట్టినా రాదు.

నిపుల్ విప్పి, పిన్నును పట్టి ఉంచే లాకు బోల్టు తీసి, ఇత్తడి కడ్డీ అడ్డం పెట్టి పిన్నును కొట్టాలి. తుప్పు పట్టి ఉంటే ముందు రోజు రాత్రే కిరసనాయిలు పోసి ఉంచాలి. తొందరపడి గ్యాస్ మంట పెట్టకూడదు. మంట తగిలితే పట్టీ పదును పోయి, ఆర్నెల్లలో కన్ను దగ్గర విరుగుతుంది. పాత బుష్షు రాకపోతే రంపపు బ్లేడు లోపలికి దూర్చి నిలువుగా కోస్తే అదే వదులవుతుంది. బ్లేడు పట్టీ కన్నుకు తగలకుండా చూసుకోవాలి.

కన్ను శుభ్రం చేసి పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. కొత్త బుష్షును సుత్తితో కొట్టకూడదు. పొడవైన బోల్టు దూర్చి, రెండు వైపులా వాషర్లు వేసి, నట్టు తిప్పుతూ లోపలికి లాగాలి. బుష్షుకు గ్రీజు రంధ్రం ఉంటే అది పట్టీలోని రంధ్రానికి ఎదురుగా రావాలి. అది తప్పితే ఎంత గ్రీజు కొట్టినా లోపలికి చేరదు. బుష్షు బిగుతుగా దిగినప్పుడు దాని లోపలి కొలత కొంచెం తగ్గుతుంది. అందుకని రీమరు తిప్పి సరిచేయాలి. నూనె రాసిన పిన్ను చేతి ఒత్తిడికే లోపలికి పోవాలి, ఊగకూడదు.

ఆఖరి పని టేపు. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు ఎడమ వైపు కొలత, కుడి వైపు కొలత సమానంగా ఉండాలి. దించిన తరువాత కొంత దూరం బరువుతో నడిపి యు బోల్టులను మళ్లీ బిగించాలి.

రెండు వైపుల కొలత ఎందుకు సమానంగా ఉండాలో చెప్పి అసలు విషయానికి వస్తాను. ముందు కమాను బిగింపు చివరన బుష్షు బాగా అరిగితే, బ్రేకు వేసినప్పుడు ఆ వైపు ఇరుసు వెనక్కు జరుగుతుంది. రెండో వైపు జరగదు. ఇరుసు ఏటవాలు అవుతుంది. డ్రైవరు స్టీరింగు నిటారుగా పట్టుకున్నా బండి ఆ వైపుకే లాగుతుంది. మామూలుగా నడిచేటప్పుడు ఇది అంతగా తెలియదు. గట్టిగా బ్రేకు వేయవలసి వచ్చిన రోజే తెలుస్తుంది.

1983 నాటి జాబ్ కార్డు

1983 వానాకాలంలో మన స్టోర్సులో కమాను బుష్షులు అయిపోయి నెలలు గడిచాయి. ఇండెంటు వెళ్లింది, టెండరు కాగితాలు తిరుగుతున్నాయి. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు, అప్పటి పరిస్థితి అది. ఒక టిప్పరు ముందు ఎడమ కమాను బుష్షు అరిగి షెడ్డుకు వచ్చింది. మర్నాడు పొద్దున్నే కంకరకు వెళ్లాలి, బండి ఇచ్చి తీరాలని పై నుంచి కబురు.

పాత షెడ్లలో ఇటువంటప్పుడు చేసే పని ఒకటుంది. ఆయిల్ డబ్బా రేకు కత్తిరించి, పిన్నుకు చుట్టి, అరిగిన బుష్షులో దూర్చేస్తారు. ఆట పోతుంది. గ్రీజు కొడితే చప్పుడూ పోతుంది. రెండు మూడు రోజులు నెట్టుకురావడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఆ రాత్రి నేను, ఒక హెల్పరు కలిసి ఆ పని చేశాము. జాబ్ కార్డులో నేను "ముందు ఎడమ బుష్షు మార్చబడినది, పరీక్షించబడినది" అని రాసి సంతకం చేశాను. రేకు వేశామని రాస్తే బండి బయటికి పంపకూడదు కదా. బుష్షులు రాగానే మారుద్దామనుకున్నాను. కార్డులో మార్చినట్టు ఉన్న బండిని మళ్లీ షెడ్డుకు ఎవరు పిలుస్తారు? నేను కూడా మరచిపోయాను.

పదకొండు రోజుల తరువాత, కాలువ గట్టు రోడ్డు మీద ఎదురుగా గేదె వస్తే డ్రైవరు బ్రేకు వేశారు. బండి ఎడమకు లాగి గట్టు దిగి ఒరిగిపోయింది. దైవం మేలు చేసి ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. క్లీనరు కుర్రాడికి చెయ్యి విరిగింది. ముందు ఇరుసు వంగి, పట్టీలు విరిగిపోయాయి కాబట్టి బుష్షు ఎలా ఉందో ఎవరూ చూడలేదు.

శాఖాపరమైన విచారణ జరిగింది. డ్రైవరు చెప్పింది ఒకటే మాట: "బ్రేకు వేయగానే బండి ఎడమకు గుంజింది. నేను స్టీరింగు తిప్పలేదు." విచారణాధికారి బండి రికార్డు తెప్పించారు. పదకొండు రోజుల క్రితమే ఎడమ బుష్షు కొత్తది వేసినట్టు రాసి ఉంది. నన్ను పిలిచి కార్డు చూపించి, "ఇది మీ సంతకమేనా?" అన్నారు. "అవునండీ" అన్నాను. అంతకు మించి అడగలేదు. నేనూ చెప్పలేదు. అప్పటికి నాకు పెళ్లయి రెండేళ్లు, చంటిపిల్ల, ఛార్జ్‌హ్యాండ్ ప్రమోషన్ లిస్టులో పేరు.

గది బయట బెంచీ మీద డ్రైవరు కూర్చుని ఉన్నారు. నాకన్నా పదిహేనేళ్లు పెద్దవారు. నన్ను చూసి, "తమ్ముడూ, బుష్షు నిజంగా మార్చారా?" అని అడిగారు. "మార్చాం అన్నా" అన్నాను. ఆయన తల ఊపారు. మళ్లీ ఎన్నడూ అడగలేదు.

నిర్లక్ష్యంగా నడిపారని తేల్చి ఆయనకు రెండు ఇంక్రిమెంట్లు క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో ఆపారు. ఆ మాటకు అర్థం మన సభ్యులకు నేను చెప్పనక్కరలేదు. ఆ రెండు ఇంక్రిమెంట్లు సర్వీసు అంతా తిరిగి రావు. చివరి జీతం తగ్గుతుంది, దానితో పెన్షన్ తగ్గుతుంది, ఆ తరువాత ఫ్యామిలీ పెన్షన్ తగ్గుతుంది.

ఆయన 1995లో రిటైరయ్యారు, 2006లో కాలం చేశారు. ఆ ప్రమాదానికి ఆ బుష్షే కారణమని నేను ప్రమాణం చేసి చెప్పలేను. తడి రోడ్డు, బరువున్న బండి, వేరే కారణాలు కూడా ఉండవచ్చు. కాని ఆయనకు శిక్ష పడింది నా కాగితం బలంతో. ఆ కాగితం అబద్ధం. అది మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను.

రబ్బరు వచ్చాక

చరిత్ర మిగిలిన భాగం కూడా చెప్పి ముగిస్తాను. రబ్బరును గంధకంతో కాచి గట్టిపరిచే పద్ధతిని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుక్కున్నాడు. ఆ పద్ధతే తరువాత రబ్బరు బుష్షులకు దారి చూపింది. రెండు ఉక్కు గొట్టాల మధ్య రబ్బరును ఇరికించి చేసిన బుష్షులను మన షెడ్లలో సైలెంట్ బ్లాకు అంటారు. దీనిలో పిన్ను ఒరుసుకోవడం అంటూ లేదు. లోపలి గొట్టం గట్టిగా బిగిసి ఉంటుంది, కదలికంతా రబ్బరు మెలిపడటంలోనే జరుగుతుంది. గ్రీజు అక్కరలేదు. పైగా గ్రీజు, నూనె తగిలితే మామూలు రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్లు వాడాలి.

పాత పనివాళ్లం దీనితో మొదట్లో తప్పు చేశాము. బండి జాకీల మీద ఉండగానే బోల్టులు పూర్తిగా బిగించేవాళ్లం. బండి కిందికి దించగానే రబ్బరు మెలిపడి, ఆ మెలికలోనే ఎప్పుడూ ఉండిపోయేది. కొన్నాళ్లకే చినిగిపోయేది. "రబ్బరు మంచిది కాదు, గన్‌మెటలే మేలు" అనుకునేవాళ్లం. చక్రాలు నేల మీద ఉండి, బరువు కమాన్ల మీద పడిన తరువాతే ఆఖరి బిగింపు బిగించాలని తెలుసుకున్నాక గాని అవి నిలబడలేదు. తప్పు రబ్బరులో లేదు, మా చేతిలో ఉంది.

తరువాత పట్టీల సంఖ్య తగ్గి, మధ్యలో మందంగా చివర్లకు పలచగా ఉండే పారబోలిక్ కమాన్లు వచ్చాయి. అమెరికాలో జనరల్ మోటార్స్ 1953లోనే బస్సులకు గాలి తిత్తుల సస్పెన్షన్ పెట్టింది. మన దేశంలో 2001లో వచ్చిన వోల్వో బస్సుల్లో జనం ఆ సుఖం బాగా ఎరిగారు. అయినా బరువులు మోసే లారీలకు ఉక్కు కమాను ఇంకా పోలేదు. 2018 జులైలో కేంద్ర ప్రభుత్వం రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెంచింది. బరువు పెరిగిన కొద్దీ కమాను మీద, దాని కన్నులోని బుష్షు మీద పడే పని కూడా పెరిగింది. గ్రీజు కొట్టే కుర్రవాడు లేని చోట కింద దూరి చూసేవాడు కూడా తగ్గిపోయాడు. రబ్బరు బుష్షు గ్రీజు అడగదు గాని, చూపు మాత్రం అడుగుతుంది. పగుళ్లు వచ్చిందేమో, ఒక పక్కకు జరిగిందేమో ఎవరైనా చూడాలి కదా.

సంఘానికి మనవి

మొన్న సంక్రాంతి తరువాత మా అబ్బాయిని తోడు తీసుకుని ఆ డ్రైవరుగారి ఇంటికి వెళ్లాను. ఆయన భార్య పెద్దకొడుకు దగ్గర ఉంటున్నారు. చూపు సరిగా లేదు. పైన రాసినదంతా ఆమెకు చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "బండి బాగానే ఉందని షెడ్డువాళ్లు చెప్పారు, మరి నా కాలే గట్టిగా తొక్కిందేమో అని ఎప్పుడూ అనుకునేవారు బాబూ. ఆ తరువాత బండి మీద ధైర్యంగా ఎక్కలేదు" అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. కోడలిని పిలిచి కాఫీ ఇమ్మన్నారు. నేను తాగలేకపోయాను. ఆయన ఫోటో ముందు నిలబడి వచ్చేశాను.

జరిగినదంతా పూర్తి వివరాలతో, బండి నంబరుతో, తేదీలతో రాసి, సంతకం చేసి సంఘం కార్యదర్శిగారికి ఇచ్చాను. దాని ప్రతి ఒకటి ఆ కుటుంబానికి ఇచ్చాను. ఇన్నేళ్ల తరువాత శాఖ ఆ ఉత్తర్వును తిరిగి చూస్తుందో లేదో చెప్పలేను. నా పెన్షన్ మీద చర్య తీసుకుంటే దానికీ అభ్యంతరం లేదని అందులోనే రాశాను. ఆమె ఉన్న రోజుల్లోనే తేలాలని నా కోరిక. పెన్షన్ సంగతులు ఎరిగిన సభ్యులు, ముఖ్యంగా అకౌంట్సులో పనిచేసి రిటైరైన మిత్రులు, ఈ దరఖాస్తు సరైన దారిలో నడవడానికి సంఘానికి సాయపడగలరని మనవి.

ఇంకొక మనవి. షెడ్డు మూసినప్పుడు పాత జాబ్ కార్డులు చాలా వరకు తూకానికి పోయాయి. కొన్ని కట్టలు కొందరు మిత్రుల ఇళ్లలో ఉన్నాయని విన్నాను. ఉంటే సంఘం ఆఫీసుకు చేర్చండి. 1983 నాటి ఆ కార్డు దొరికితే నా సంతకం కింద ఇవాళ్టి తేదీ వేసి, "బుష్షు మార్చలేదు" అని రాస్తాను.

సెలవు.